పిడ్జీని వదిలేయకండి

పోకెమాన్ ఫైర్‌రెడ్ వీడియో గేమ్‌లో రూట్ 1 అనే దారి గడ్డిలో దొరికే పిట్ట పోకెమాన్ పిడ్జీని చాలామంది వాడకుండా బాక్సులో పడేస్తారు. నేను దాన్నే ముందు పెడతాను. లెవెల్ 9లో గస్ట్ అనే గాలి దాడి వచ్చిందంటే విరిడియన్ అడవిలో పురుగుల పని అయిపోయినట్టే. అక్కడి వీడిల్ అనే పురుగు కుడితే విషం ఎక్కొచ్చు, విరుగుడుగా ఒక యాంటీడోట్ దగ్గర పెట్టుకోండి.

రాతి పోకెమాన్లు వాడే మొదటి జిమ్ లీడర్ బ్రాక్ మీదికి మాత్రం వద్దు. నేను మొండికేసి అతని లెవెల్ 14 ఓనిక్స్ మీద వదిలాను. గస్ట్ కొడితే దాని ప్రాణం బార్ గీతంత కదిలింది, అంతే. తిరిగి రాక్ టూంబ్ అనే రాళ్ల దాడి ఒక్కటి పడింది, మన పిట్ట ఢమాల్!

గట్టివాడు ఎదురైతే పిడ్జీని ముందు దింపి, వెంటనే ఇంకోదాన్ని మార్చండి. గెలిస్తే అనుభవంలో సగం పిడ్జీకీ వస్తుంది. లెవెల్ 18లో అది పిడ్జియోటోగా, 36లో పిడ్జియాట్‌గా మారుతుంది. అలా మారేటప్పుడు మెరుస్తుంటే కంగారులో బి బటన్ నొక్కకండి, మారడం ఆగిపోతుంది. నొక్కేశారా? టెన్షన్ వద్దు, తర్వాతి లెవెల్‌కి మళ్లీ మెరుస్తుంది.