రాజీనామా మాత్రం రాయకండి: మార్చి నెల జాగ్రత్తలు

కాంట్రాక్టులు మారే మార్చి వస్తే ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు ఎక్కడ విన్నా కొత్త కాంట్రాక్టరు ఎవరన్న మాటే. పోయిన వారం మా పక్కవీధి వెల్డరును ఆఫీసుకి పిలిచి, ఒడియాలో టైపు చేసిన కాగితం ముందుపెట్టి, "బకాయి కావాలంటే సంతకం పెట్టు" అన్నారట. ఆయన ఒడియా గడగడా మాట్లాడతాడు, చదవలేడు. అది రాజీనామా అని ఒడియా బడిలో చదివే కొడుకు చెప్పేదాకా తెలియలేదు.

తీసేయడం ప్రతిసారీ అన్యాయమేం కాదు. దొంగతనం చేసినా, తాగి డ్యూటీకొచ్చినా, చెప్పకుండా పది రోజులకు మించి మానేసినా తీసేయొచ్చు. కానీ ముందు చార్జిషీటు (మన తప్పేమిటో రాసిన కాగితం) ఇచ్చి, విచారణ జరిపి, మన జవాబు వినాలి. ఇన్నాళ్ళని రాసుకున్న కాంట్రాక్టు గడువు తీరితే పొడిగించకపోవడం తప్పు కాదు. పని తగ్గిందని తీసేస్తే మాత్రం, ఏడాదిలో 240 రోజులు చేసినవారికి కారణం రాసిన నెల నోటీసో, ఆ నెల జీతమో ఇవ్వాలి. పైగా నిండిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కొత్త కార్మిక చట్టంలోనూ ఇదే లెక్క. యూనియన్‌లో చేరారని, ప్రసూతి సెలవులో ఉన్నారని తీయకూడదు.

ఇవన్నీ ఒక్క సంతకంతో పోతాయి. మీ అంతట మీరే మానేశానని రాసిస్తే నోటీసూ లేదు, పరిహారమూ లేదు. బలవంతంగా రాయించారని తర్వాత నిరూపించుకోవాల్సింది మీరే. రాజీనామా ఇస్తేనే బకాయి వస్తుందన్నది పచ్చి అబద్ధం. తీసేసినా, మానేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలని వేతనాల కోడ్ చెబుతోంది.

కాబట్టి రాజీనామా రాయకండి. చదవలేని కాగితాన్ని ఫోటో తీసి, చదివించుకున్నాకే సంతకం. తెల్లకాగితం మీద అసలే వద్దు. చార్జిషీటు ఇస్తే తీసుకోండి, విచారణకు తోటి కార్మికుణ్ణి వెంటపెట్టుకుని వెళ్ళండి. వెళ్ళకపోతే వాళ్ళు రాసుకున్నదే రికార్డు. గేటు దగ్గర ఆపేస్తే ఇంటికొచ్చి కూర్చోకండి. "పనికొచ్చాను, రానివ్వలేదు" అని అదే రోజు స్పీడ్ పోస్టు చేయండి, లేకపోతే చెప్పకుండా మానేశారని మీమీదే రాస్తారు. గేట్‌పాసు, జీతం చీటీలు దాచండి. ఇల్లు పార్వతీపురంలో ఉన్నా పని ఒడిశాలో అయితే ఒడిశా లేబర్ ఆఫీసుకే వెళ్ళాలి. పండగయ్యాక చూద్దాం అనకండి. మేస్త్రీ చెప్పినా, బావమరిది చెప్పినా రాజీనామా రాయకండి. "ఏప్రిల్‌లో మళ్ళీ తీసుకుంటాం, ఇప్పటికి రాసివ్వు" అంటే, ఆ తీసుకునే మాటే ముందు కాగితం మీద రాసిమ్మనండి.