పీకేయూ పాఠాలు – 4: బియ్యమా, అన్నమా?

ఈసారి మందుల గురించి చెబుతానన్నాను. అది వాయిదా. పీకేయూ (ఫినైల్‌కీటోన్యూరియా) ఉన్నవాళ్ల ఒళ్లు ప్రొటీన్‌లో ఉండే ఫినైల్‌అలనిన్‌ను, మనం ‘ఫీ’ అనేదాన్ని, సరిగా ఖర్చు చేసుకోలేదు, అందుకే తిండిలో ఫీ లెక్కపెట్టుకోవాలి. పోయిన పాఠం చదివి ఆ లెక్క మొదలుపెట్టిన కొందరికి రక్తంలో ఫీ తగ్గకపోగా పెరిగిందట. తప్పు నాది. ‘బియ్యం 100 గ్రాములకు ఫీ 350 మిల్లీగ్రాములు’ అని రాసి ఊరుకున్నాను. పచ్చి బియ్యమో, వండిన అన్నమో చెప్పలేదు. రోజూ తూచే చేతికి అది అడిగే ప్రశ్నే అనిపించలేదు.

పచ్చి బియ్యమే. 100 గ్రాములకు ప్రొటీన్ దాదాపు 7 గ్రాములు, ప్రొటీన్ గ్రాముకు 50 మిల్లీగ్రాముల చొప్పున ఫీ 350. ఉడికితే నీళ్లు పీల్చి సుమారు మూడింతల బరువవుతుంది. అంటే 100 గ్రాముల అన్నంలో ఉండేది 115, 120 మాత్రమే.

రోజుకు 300 మిల్లీగ్రాముల ఫీ హద్దున్న పిల్లాడికి 80 గ్రాముల అన్నం తూచి, 280 అని రాసుకున్నారనుకోండి. నిజానికి అది 95. హద్దు అయిపోయిందని రాత్రికి పస్తు. ‘ఇంత తక్కువ తిన్నా పెరిగిందేంటండీ?’ అంటారు. తక్కువ తిన్నందుకే పెరిగింది! ఒంటికి కావలసిన శక్తి అందకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. కండ కూడా ప్రొటీనే కదా, అందులోని ఫీ రక్తంలోకి వస్తుంది. జ్వరంలో పెరిగేదీ ఇందుకే. అప్పుడు ఫార్ములా పాలు (ఫీ లేని ప్రొటీన్ కోసం తాగేవి) కూడా మానేస్తే మరీ పెరుగుతుంది.

తిరగేసి లెక్కేసినవాళ్లూ ఉంటారు. 50 గ్రాముల బియ్యం తూచి, అన్నం లెక్కన 60 రాసుకుంటే కడుపులోకి వెళ్లేది 175.

మా ఇంట్లో అన్నం ఒకరోజు పలుకుగా, ఒకరోజు ముద్దగా ఉంటుంది. ఎసరు మారితే బరువు మారుతుంది. అందుకే నేను అన్నం లెక్క నమ్మను. కుక్కర్‌లోనే చిన్న స్టీల్ గిన్నె పెట్టి, అందులో పాప వంతు 30 గ్రాముల బియ్యం వేస్తాను. గిన్నె మొత్తానికి ఫీ 105. ఉడికాక అన్నం 90 గ్రాములు తూగి, తిన్నాక 30 మిగిలిందనుకోండి. మూడో వంతు వదిలేసినట్టే, 35 తీసేసి 70 రాసుకుంటాను.

సగ్గుబియ్యంలో ప్రొటీన్ దాదాపు లేదు, ధైర్యంగా పెట్టండి. సగ్గుబియ్యం ఉప్మాలో పల్లీలు మాత్రం వేయకండి, వాటిలో ప్రొటీన్ ఎక్కువ. పప్పు, గుడ్డు, పెరుగు కూడా అంతే, వాటి సంగతి మళ్లీ చెప్పను.

నాకు ఒళ్లుమండే విషయం ఇంకొకటి. ‘షుగర్ ఫ్రీ కదండీ, ప్రొటీన్ సున్నా అని ఉంది కదండీ.’ తీపి కోసం వేసే ఆస్పర్టేమ్‌లో సగానికి పైగా ఫీయే. 100 మిల్లీగ్రాములుంటే 56 వచ్చినట్టు, మా పాప గిన్నెలో సగం అన్నమంత! ప్రొటీన్ గడిలో ఇది కనబడదు. పంచదార వేసిన షర్బత్తు తాగినా ఫీకి ఏమీ కాదు, డైట్ కోలాతోనే చిక్కు. చూయింగ్ గమ్, నమిలే విటమిన్ బిళ్లలు, కొన్ని దగ్గు సిరప్పులు, ఓఆర్‌ఎస్ పొడులు... అన్నిటి వెనకా చదవాలి. 951 (ఆస్పర్టేమ్ కోడు) అన్న అంకె కనబడినా, ఫినైల్‌కీటోన్యూరిక్స్ (పీకేయూ ఉన్నవాళ్లు) అన్న మాట కనబడినా అక్కడే పెట్టేసి వచ్చేయండి. పేరు చూసి మోసపోకండి: సుక్రలోజ్‌తో చేసిందైతే పర్లేదు, అదే షెల్ఫ్‌లో పక్క డబ్బాలో ఆస్పర్టేమ్ ఉండొచ్చు. మందుల షాపులో ‘షుగర్ లేదమ్మా, మంచిదే’ అంటే తలూపి వచ్చేయకండి.

మందుల మాట మూడు వాక్యాల్లో. ఫీ తగ్గించే మందు సాప్రోప్టెరిన్ అందరికీ పనిచేయదు, వాడకముందు ఫీ ఎంత, వాడాక ఎంత అని చూసి డాక్టరు తేలుస్తారు. పనిచేసినా తూకం మానమని కాదు. ఫీ తగ్గించే పెగ్వలియేజ్ ఇంజెక్షన్, తీవ్రమైన అలర్జీ ప్రమాదం ఉన్నది, అమెరికాలో 2018లో పెద్దవాళ్లకే అనుమతించారు.

అభ్యాసం: మూడు రోజులు, నీళ్లు తప్ప నోట్లోకి వెళ్లే ప్రతిదీ తూచండి, వదిలేసినదీ తూచండి. నాలుగో రోజు ఉదయం, ఎప్పుడూ తీసే వేళకే, ఫార్ములా తాగకముందు రక్తం ఇవ్వండి. రిపోర్టులో ఫీ 6 (డెసిలీటరుకు మిల్లీగ్రాములు) చూసి ఒకరు, 360 (లీటరుకు మైక్రోమోల్‌లు) చూసి ఇంకొకరు కంగారు పడకండి, కొలమానం వేరు, రెండూ ఒకటే. ఆ కాగితం, మీ నోట్‌బుక్కు పట్టుకుని డైటీషియన్ దగ్గరికి వెళ్లండి. హద్దు మార్చాలో లేదో వాళ్లు చెబుతారు, నేను కాదు.