కడుపులో ఇబ్బందీ, నీరసమూ కలిసి వస్తే: ఇంట్లో చేయవలసినవి

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువులో నిలవ ఉన్న నీటితో గడిపి, ధవళేశ్వరం నుంచి కొత్త నీరు వదిలాక వరదలు తగ్గేవరకూ గోదావరి డెల్టా పల్లెల్లో కడుపు బాగోలేదని, ఒంట్లో ఓపిక లేదని చెప్పేవారు పెరుగుతారు. ఈ రెండూ కలిసి వచ్చినప్పుడు గ్యాస్ అని సరిపెట్టుకోకుండా, ఎన్నాళ్ల నుంచి ఉందో ముందుగా చూసుకోవాలి.

ఒకటి రెండు రోజుల్లో మొదలై వాంతులు, నీళ్ల విరేచనాలు అవుతుంటే ఎక్కువగా కలుషితమైన నీరో, నిలవ ఆహారమో కారణమై ఉంటుంది. అప్పటి నీరసం ఒంట్లోంచి నీరూ లవణాలూ పోవడం వల్ల వచ్చేదే కాబట్టి మొదటి మందు ఓఆర్ఎస్. లీటరు నీటికి కలపవలసిన ప్యాకెట్టును ఒకేసారి పూర్తిగా లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి; గ్లాసు నీటిలో కలిపేస్తే ఉప్పు ఎక్కువై పసిపిల్లలకు ప్రమాదం. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీటిలో తల కొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు వేసి కరిగించి, 24 గంటల్లోగా వాడేయాలి. తాగినది వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా మళ్లీ పట్టాలి.

మన ప్రాంతంలో ముందుగా గుర్తొచ్చేవి కొబ్బరి నీళ్లు. అవి మంచివే గానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అందువల్ల విరేచనాలు బాగా అవుతున్నప్పుడు ఓఆర్ఎస్‌కు బదులుగా సరిపోవు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా తాగకూడదు. ఉప్పు వేసిన గంజి, పలచని మజ్జిగ, మెత్తని పెరుగన్నం, ఇడ్లీ పెట్టవచ్చు. పసిబిడ్డకు తల్లిపాలు ఆపకూడదు. పిల్లలకు ఇచ్చే జింకు మాత్రలను ఆశా కార్యకర్తను అడిగి తీసుకోవాలి. సెలైన్ ఎక్కితే గానీ ఓపిక రాదన్న నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది. నిజానికి అర లీటరు మామూలు సెలైన్ సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు మాత్రమే. నోటితో తాగగలిగినవారికి ఆ పని ఓఆర్ఎస్ చేస్తుంది.

మలంలో రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, మనిషి మగతగా ఉన్నా, కడుపు గట్టిపడి నొప్పి పెరుగుతున్నా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలు వేసుకునేవారికి మలం నల్లగా రావడం మామూలే గానీ, అది తారులా జిగటగా ఉండదు. మధుమేహం ఉన్నవారికి, నడివయసు దాటినవారికి పొట్ట పైభాగంలో బిగపట్టినట్టుండి చెమటలు పడితే గుండెపోటు కావచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

జ్వరం రోజుల తరబడి తగ్గకపోతే టైఫాయిడ్ ఉందేమో పరీక్ష చేయించాలి. అన్నం చూస్తేనే వికారం కలిగి, మూత్రం ముదురు పసుపుగా, కళ్లు పచ్చగా కనిపిస్తే అవి కామెర్లు. పసరు మందులు కొన్ని కాలేయాన్ని మరింత దెబ్బతీయగలవు కనుక వాటి జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాను. గర్భిణికి కామెర్లు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయరాదు.

ఇబ్బంది వారాల తరబడి ఉంటే కారణాలు వేరు. ఊడ్పుల్లోనూ కోతల్లోనూ ఒళ్లు నొప్పులకు పరగడుపున నొప్పి మాత్రలు మింగేవారికి కడుపులో పుండ్లు పడి, తెలియకుండానే రక్తం పోతుంటుంది. బహిరంగ మలవిసర్జన జరిగే చోట తడి నేలపై చెప్పులు లేకుండా తిరిగేవారికి కొంకి పురుగు పిల్లలు అరికాలి చర్మంలోంచి లోపలికి చేరి, చివరకు పేగులను పట్టుకుని రక్తం పీలుస్తాయి. రెండింటి వల్లా రక్తహీనత వస్తుంది. కింది రెప్పను దించి చూస్తే లోపల ఎర్రదనం లేక పాలిపోయి ఉంటుంది. హిమోగ్లోబిన్‌తో పాటు షుగరు, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించడం మంచిది. రక్తహీనత ఉందని తేలితే వైద్యుడు రాసిన ఐరన్ మాత్రను నిమ్మరసంతో వేసుకోవాలి, దానికి ముందూ వెనకా గంటసేపు టీ, కాఫీ తాగకూడదు; హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా, ఒంట్లో నిల్వలు నిండేందుకు వైద్యుడు చెప్పినన్ని నెలలు ఆ మాత్రలు కొనసాగించాలి.