పాత పీసీలో గేమ్ పదేపదే క్రాష్ అవుతోందా? ముందు అది ఎలా ఆగిందో చూడండి

2011-14 మధ్య కొన్న డెస్క్‌టాప్. రెండో తరమో మూడో తరమో ఐ3, 4 జీబీ ర్యామ్, 1 లేదా 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు, దాని మీద విండోస్ 10. ఇలాంటి పీసీలో గేమ్ ఆగిపోతుంటే చాలామంది ముందుగా చేసేది ఫార్మాట్ కొట్టడం. దాంతో ఒక పూట పోతుంది, వేడెక్కే ప్రాసెసర్ మాత్రం అలాగే వేడెక్కుతూ ఉంటుంది. గేమ్ ఆగిన తీరులోనే సగం జవాబు ఉంటుంది.

మిగతా సగం, పీసీలో జరిగిన తప్పులను విండోస్ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో దొరుకుతుంది. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొట్టి తెరవండి. విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్, సిస్టమ్ రెండూ చూసి, గేమ్ ఆగిన నిమిషంలో ఎర్ర గుర్తుతోనో పసుపు గుర్తుతోనో ఏ నంబరు పడిందో రాసుకోండి.

పీసీ మొత్తం ఆరిపోతోంది, లేదా దానంతటదే రీస్టార్ట్ అవుతోంది

లాగ్‌లో కెర్నల్ పవర్ 41 తప్ప ఇంకేమీ కనబడదు. ఆ నంబరు చూసి గాభరా పడనక్కర్లేదు. సరిగా షట్‌డౌన్ కాకుండానే పీసీ ఆగిపోయిందని మాత్రమే దానర్థం, ఎందుకు ఆగిందో అది చెప్పదు.

పీసీతోపాటు మానిటర్ కూడా ఆరిపోతే అనుమానం యూపీఎస్ మీదికే పోవాలి. బ్యాటరీ పాతబడి పాడైన యూపీఎస్, లైన్ వోల్టేజీ కాస్త పడగానే బ్యాటరీకి మారబోయి అక్కడే చేతులెత్తేస్తుంది. మామూలు పనిలో నెట్టుకొచ్చినా, గేమ్ లోడు పడితే నిలవదు. ఒకరోజు పీసీని నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి ఆడి చూడండి, పైసా ఖర్చు లేని పరీక్ష.

మానిటర్ వెలుగుతూ పీసీ ఒక్కటే ఆరిపోతుంటే కారణం వేడి అయినా కావాలి, ఎస్‌ఎంపీఎస్ (పీసీ భాగాలకు కరెంటు అందించే పెట్టె) అయినా కావాలి. రెంటికీ తేడా ఒకటుంది. వేడెక్కిన ప్రాసెసర్ ముందు తన వేగం తానే తగ్గించుకుంటుంది, గేమ్ కాసేపు నత్తనడక నడిచాక గానీ పీసీ ఆరదు. ఎస్‌ఎంపీఎస్ అయితే ఏ సూచనా లేకుండా, బాగా ఆడుతుండగానే టక్కున పోతుంది.

భాగాల వేడి చూపించే హెచ్‌డబ్ల్యూ మానిటర్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంచి 15 నిమిషాలు ఆడి, మ్యాక్స్ అన్న వరుస చూడండి. ప్రాసెసర్ గానీ గ్రాఫిక్స్ కార్డు గానీ 90 డిగ్రీలు దాటుతుంటే వేడి సంగతి తేలేదాకా వేరే వెతుకులాట వద్దు. గది వేడి ఎంత పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబరులో 25 డిగ్రీల గదిలో 75 చూపిన ప్రాసెసర్, మే నెలలో 40 డిగ్రీల గదిలో 90కి చేరుతుంది. చలికాలమంతా ఆడిన గేమ్ ఎండలు ముదరగానే పడిపోవడం వెనక కిటుకు ఇదే.

ప్లగ్ తీసేసి పక్క పలక విప్పండి. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్‌తో, బ్లోయర్‌తో దుమ్ము తీయండి. అసలు దుమ్ము ఫ్యానుకూ అల్యూమినియం రెక్కలకూ మధ్య దుప్పటిలా పేరుకుని ఉంటుంది, కూలర్ ఊడదీస్తే గానీ కనబడదు. తీశాక, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పాత పేస్టు ఎండిపోయి ఉంటుంది, దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రాసెసర్ మధ్యలో చిన్న బఠాణీ గింజంత కొత్త థర్మల్ పేస్టు పెట్టండి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడదు. ఇంటెల్ కూలర్ నాలుగు పిన్నులనూ మూలకు ఎదురు మూల చొప్పున టక్కుమనేదాకా నొక్కాలి. ఒక్కటి సరిగా దిగకపోయినా కూలర్ ఒకవైపు లేచి ఉండి, పేస్టు వేసిన శ్రమంతా వృథా.

వేడి బాగానే ఉంటే గేమ్ నడుస్తుండగా ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌లో పసుపు, నలుపు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 11.4 వోల్టుల కంటే తగ్గితే ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిందే. దాన్ని మాత్రం విప్పకండి, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు మిగిలి ఉంటుంది.

అరగంట ఆడాక గేమ్ మూసుకుపోయి డెస్క్‌టాప్ వస్తోంది

2004 అన్న నంబరు పడితే మెమరీ చాల్లేదని విండోస్ ఒప్పుకున్నట్టే. 4 జీబీలో సగం దాకా విండోస్, బ్రౌజర్ తినేస్తాయి. గ్రాఫిక్స్ కార్డు లేని పీసీలో తెర బొమ్మకు కూడా అందులోంచే వాటా పోతుంది. పైగా వేగం పెరుగుతుందని ఎవరో చెబితే పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లో వాడుకునే చోటు) తీసేసినవాళ్లు చాలామంది. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో పర్ఫార్మెన్స్, అందులో మళ్లీ అడ్వాన్స్‌డ్, అక్కడ వర్చువల్ మెమరీ తెరవండి. మొదటి అంకె 4096 ఎంబీ, గరిష్ఠం 8192 ఎంబీ ఇచ్చి రీస్టార్ట్ చేయండి. ఆ డ్రైవ్‌లో కనీసం 15 జీబీ ఖాళీ ఉంచండి. ఇంకో 4 జీబీ డీడీఆర్3 స్టిక్ వేస్తే మరీ మంచిది.

మోడ్‌లు (ఆటగాళ్లు తయారుచేసిన అదనపు మార్పులు) వేసిన పాత గేముల కథ వేరు. 32 బిట్ గేమ్ మామూలుగా 2 జీబీకి మించి వాడుకోలేదు, పీసీలో 16 జీబీ ఉన్నా అంతే. పెద్ద టెక్స్‌చర్ మోడ్‌లు తీసేస్తే నిలబడుతుంది.

లాగ్‌లో చివర 0005 ఉన్న ఎర్రర్ కోడ్‌తో, రోజుకో చోట ఆగుతుంటే ర్యామ్ మీద కన్నేయండి. గేమ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఫైల్ కరప్ట్ అని వస్తుంటే ఆ అనుమానం ఇంకా బలపడాలి. స్టిక్ తీసి బంగారు రంగు కాళ్లను రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టండి. తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపినా ఆ స్టిక్ పనికిరాదు.

ఎప్పుడూ ఒకే చోట ఆగుతుంటే ర్యామ్ కాదు, ఫైలు. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌కు వెళ్లి ఫైళ్లను వెరిఫై చేయండి. సిస్టమ్ లాగ్‌లో డిస్క్ పేరుతో 7 కనిపిస్తే హార్డ్ డిస్క్ చెడిపోతోంది. గేమ్ సంగతి తర్వాత, ముందు ఫొటోలు వేరేచోట దాచుకోండి.

తెర నల్లబడి, మళ్లీ వచ్చేసరికి గేమ్ ఉండదు

4101 పడుతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ 2 సెకన్లు పలక్కపోతే విండోస్ దాన్ని తిరిగి లేపుతుంది, ఆ దెబ్బకు గేమ్ పడిపోతుంది. సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్ తొలగించే సాఫ్ట్‌వేర్‌తో పాత డ్రైవర్ ఆనవాళ్లు తుడిచేసి, మీ కార్డుకు తగిన చివరి డ్రైవర్ వేయండి. ఎన్‌విడియా ఫెర్మీ కార్డులకు, అంటే 400, 500 సిరీస్‌లలో ఎక్కువ వాటికి, అది 2018 నాటి 391.35. అయినా తగ్గకపోతే, కార్డు వేగం మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో కోర్ వేగం 100 మెగాహెర్ట్జ్ తగ్గించి ఆడండి. దాంతో ఆగితే కార్డుకు వయసైపోయినట్టు. ఆ తగ్గించిన వేగంతోనే ఇంకొన్నాళ్లు లాగించవచ్చు.

గేమ్ అసలు మొదలే కాదు

డీఎల్‌ఎల్ (గేమ్ నడవడానికి కావాల్సిన విండోస్ ఫైలు) లేదంటే దాన్ని ఏదో సైటు నుంచి విడిగా తెచ్చి పెట్టొద్దు, వైరస్ కూడా వెంట వస్తుంది. పేరులో 140 అంకె ఉంటే మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ ప్యాకేజీ వేయండి. 64 బిట్ విండోస్ అయినా 32, 64 రెండు రకాలూ కావాలి. డీ3డీఎక్స్9 అని మొదలైతే 2010 జూన్ నాటి డైరెక్ట్‌ఎక్స్ ప్యాకేజీ.

కోడ్ చివర 1డీ ఉంటే గేమ్ అడిగిన ఆదేశం ప్రాసెసర్‌కు తెలియదన్నమాట, చాలాసార్లు అది ఏవీఎక్స్ అనే ఆదేశాల గుంపులోది. ప్రాసెసర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌స్ట్రక్షన్స్ వరుస చూడండి. కోర్ 2 డ్యూయోలలోనూ, పెంటియం జీ620లోనూ ఏవీఎక్స్ లేదు. ర్యామ్ పెంచినా, కార్డు మార్చినా ఆ గేమ్ లేవదు. జీ620 ఉన్న బోర్డులో సెకండ్ హ్యాండ్ ఐ5 2400 పెడితే లేస్తుంది, బోర్డు దాన్ని తీసుకుంటుందో లేదో తయారీదారు జాబితాలో చూసి కొనండి.