రేపు పొద్దున పరుగు మొదలుపెడుతున్నారా? ఈ రాత్రే ఇవి చూసుకోండి

నెక్లెస్ రోడ్డయినా, కేబీఆర్ పార్కు చుట్టూ అయినా, మీ కాలనీ సందయినా ఇవే జాగ్రత్తలు.

• బీపీ, షుగర్, గుండె జబ్బు ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు జేబులో గ్లూకోజ్ ఉంచుకోవాలి. పరుగుతో షుగర్ పడిపోవచ్చు.

• అడుగు అరిగిన బూట్లు వద్దు. కొత్తవైతే ముందు ఇంట్లో తొడుక్కుని తిరగండి.

• మొదటిరోజే 5 కిలోమీటర్లు పెట్టుకోకండి. నేను ఆ ఘనకార్యం చేసి, నాలుగు రోజులు మెట్లు దిగలేక గోడ పట్టుకుని నడిచాను. 2 నిమిషాలు నడక, 1 నిమిషం పరుగు, ఇలా 20 నిమిషాలు చాలు. పక్కవాళ్లతో మాట్లాడుతూ పరుగెత్తగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది కూడా వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామమే. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు.

• ఏప్రిల్, మే నెలల్లో 7 గంటలకల్లా ఇంటికి చేరండి. వానాకాలం నీళ్లు నిలిచిన చోట కాలు పెట్టకండి, కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉండొచ్చు.

• వీధికుక్కలు వెంటపడితే పరుగు ఆపి, మెల్లగా నడవండి.

• ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగిపోండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

• అలారం మంచం దగ్గర కాదు, హాల్లో పెట్టండి. పది దాటాక రీల్స్ చూస్తే అది మోగినా లేవరు.

• తిరిగొచ్చేటప్పుడు ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు? ఆదివారానికి ఉంచుకోండి.