బోట్లు వేటకు కదిలేలోపు: కోర్టు కాగితం గుమ్మానికి వస్తే

పోయిన వారం విశాఖ ఫిషింగ్ హార్బరు దగ్గర పేటలో ఒక ఇంటికి కోర్టు అమీనా జప్తు ఉత్తర్వు పట్టుకుని వచ్చాడు. నేను పారా లీగల్ వాలంటీరుగా, అంటే పేదవాళ్లకి న్యాయసాయం అందేలా చూసే మనిషిగా, తిరుగుతుంటాను కాబట్టి ఆ ఇంటావిడ నాకు కబురు పెట్టింది. వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని తలుపు మీది జిగురు మచ్చను గోటితో గీకుతోంది. నీలం రంగు తలుపు, దాని మీద నాలుగు తెల్లటి మచ్చలు. రెండేళ్ల కిందట అక్కడ అంటించిన కాగితం, అంటే కోర్టుకి రమ్మనే సమన్లు, ఎప్పుడో చిరిగిపోయింది, మచ్చలు మాత్రం పోలేదు.

"నేను తీసుకోలేదు కదమ్మా! తీసుకోకుండా కేసెలా నడిచింది?" అని అడిగింది.

ఈ ప్రశ్న నేను చాలా గుమ్మాల్లో విన్నాను. ఇప్పుడే ఇది రాయడానికి కారణముంది. జూన్ 14తో వేట నిషేధం ముగుస్తుంది. 15 నుంచి పెద్ద బోట్ల మీద వెళ్లే మగాళ్లు పది పదిహేను రోజులు సముద్రం మీదే ఉంటారు. వేసవి సెలవులైపోయి సివిల్ కోర్టులు మళ్లీ నడిచేదీ అప్పుడే. ఇంట్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు మాత్రమే ఉన్నప్పుడు సమన్లు వస్తాయి. అప్పు చేసేటప్పుడు నోటు చదువుకోవాలని, లెక్క రాసుకోవాలని నేను కొత్తగా చెప్పక్కర్లేదు. కొంపలు ముంచేది ఇంకొకటి ఉంది, దాని గురించే ఇదంతా.

సమన్లు వెనక్కి పంపడం

ఆవిడ సంగతే తీసుకోండి. ఇంజను బాగు కోసం అరవై వేలు తెచ్చారు. ప్రోనోటు మీద మొగుడూ పెళ్లాం ఇద్దరూ సంతకాలు పెట్టారు. వేటకు వెళ్లొచ్చినప్పుడల్లా కొంత కొంత కట్టి నలభై వేల పైనే తీర్చారు. చేపల లెక్క రాసుకునే పుస్తకంలో ఆ తేదీలన్నీ ఉన్నాయి, నాకు చూపించింది. నోటు వెనక మాత్రం ఒక్క చెల్లు, అంటే ఇంత కట్టారన్న రాత, కూడా రాయించుకోలేదు. మూడేళ్ల గడువు దాటితే నోటు చెల్లదు గనక, ఇచ్చినాయన సరిగ్గా దాని ముందు మొత్తం సొమ్ముకీ వడ్డీకీ దావా వేశాడు. కోర్టు మనిషి వస్తే ఈవిడ "ఆయన వేటకెళ్లాడు, నాకేం తెలీదు, తీసుకోను" అంది. అతను తలుపుకి అంటించి, ఇద్దరు సాక్షుల పేర్లతో రిపోర్టు రాసి కోర్టుకి ఇచ్చాడు. చట్టం అతన్ని చెయ్యమన్నదే అది. వాయిదా నాడు వీళ్లు లేరు. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే వీళ్లు రాకుండానే వీళ్ల మీద తీర్పు, అయిపోయింది.

ఆ లెక్కల పుస్తకం కోర్టు చూడనే లేదు. చూపించే మనిషి వెళ్లలేదు మరి.

కాబట్టి సమన్లు వస్తే తీసుకోండి. తీసుకుని సంతకం పెడితే అప్పు ఒప్పుకున్నట్టు కాదు, కాగితం అందిందని మాత్రమే. తీసుకోకపోతే కేసు ఆగదు. మనిషి వద్దన్నాడని అమీనా రాసినా, రిజిస్టరు పోస్టు మీద పోస్ట్‌మాన్ 'నిరాకరించారు' అని రాసినా, అందినట్టే లెక్కగట్టే అధికారం కోర్టుకుంది. భర్త ఊళ్లో లేనప్పుడు ఇంట్లో ఉన్న పెద్దవాళ్లెవరికిచ్చినా, ఆడవాళ్లకిచ్చినా, అది భర్తకి ఇచ్చినట్టే. "ఆయన లేడు" అన్న మాట మనల్ని కాపాడదు.

డిక్రీ అయ్యాక కూడా ఏళ్ల తరబడి ఎవరూ రాకపోతే మర్చిపోయారనుకుంటారు. డబ్బు డిక్రీని 12 ఏళ్లలోపు ఎప్పుడైనా అమలుకు పెట్టొచ్చు. ఎక్స్‌పార్టీని కొట్టేయించుకోవడానికి మనకున్న గడువు మాత్రం 30 రోజులు. సమన్లు సరిగా అందని మనిషికి ఆ 30 రోజులు డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి మొదలవుతాయి. కానీ చేతికొచ్చిన కాగితాన్ని వద్దన్న మనిషి "నాకు అందలేదు" అని ఏ ముఖం పెట్టుకుని అంటుంది? ఆవిడ తరఫున ఆలస్యాన్ని మన్నించమని పిటిషను వేయించాం. కోర్టు ఒప్పుకుంటుందో లేదో చెప్పలేను. రెండేళ్ల కిందట అదే కాగితం తీసుకుని మర్నాడు ఆటో ఎక్కి వచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

ఉచిత లాయరు ఎవరికి

"లాయరుకి ఇవ్వడానికి డబ్బుల్లేక వెళ్లలేదు" అంటారు. ఎక్కువ బాధ కలిగించేది ఈ మాటే, ఎందుకంటే డబ్బు అక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, ఫ్యాక్టరీ కార్మికులకి ఆదాయం ఎంతున్నా లాయరు ఉచితం. తుపాను, వరద, పారిశ్రామిక ప్రమాదాల బాధితులకీ అంతే. 2014లో హుద్‌హుద్‌నీ, 2020 మే 7న వెంకటాపురం గ్యాస్ లీకునీ చూసిన ఊరు మనది, ఈ మాట గుర్తుంచుకోవాలి. మిగతావాళ్లకి మన రాష్ట్రంలో ఏడాది ఆదాయం మూడు లక్షల లోపుండాలి. ఆదాయానికి అఫిడవిట్ రాసిస్తే సాధారణంగా సరిపోతుంది, సర్టిఫికెట్ కోసం సచివాలయం చుట్టూ తిరుగుతూ వాయిదా పోగొట్టుకోవద్దు.

కోర్టు ఫీజు, టైపింగు, నకళ్ల ఖర్చు కూడా వాళ్లే పెట్టుకుంటారు. వెళ్లాల్సింది విశాఖ జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకి. ఫోను 15100. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, అక్కడున్నవాళ్లు రాసిపెడతారు. ఆధారు, బియ్యం కార్డు, సమన్లు, దాంతో వచ్చిన దావా నకలు పట్టుకెళ్లండి. ఏదో ఒక కాగితం లేదని ఆగిపోకండి, సమన్లుంటే బయల్దేరండి.

ఇక బోటెక్కేవాళ్లూ ఇంట్లో ఉండేవాళ్లూ వినండి.

సమన్లు అందిన నాటి నుంచి జవాబు దాఖలుకి 30 రోజులు. కోర్టు దయతలిస్తే 90 దాకా. లాయర్ని కేటాయించడానికి కొన్ని రోజులు పడుతుంది, అందుకే వాయిదా ముందురోజు రావొద్దు. అందిన వారంలోనే రండి.

సమన్లు తీసుకోండి. తీసుకున్న తేదీ దాని మీదే రాయండి.

వాయిదా తేదీ ఇంట్లో అందరికీ చెప్పండి. అప్పన్న పటం వెనక దాచొద్దు.

"నేను కేసు వెనక్కి తీసుకుంటాను, నువ్వు కోర్టుకి రానక్కర్లేదులే" అని అప్పిచ్చినవాడు అన్నాడా, ఆ వాయిదాకి తప్పకుండా వెళ్లండి. ఎక్స్‌పార్టీ అవ్వడానికి నేను చూసిన రెండో దారి ఇదే.

తెల్లకాగితం మీద సంతకం వద్దు. వేలిముద్ర అసలే వద్దు.

ఉచిత లాయరుగా వచ్చినవాళ్లకి రూపాయి ఇవ్వొద్దు. వాళ్ల ఫీజు సంస్థ ఇస్తుంది, మీ దగ్గర పుచ్చుకోవడం నిబంధనలకి విరుద్ధం. అడిగితే సంస్థ కార్యదర్శికి రాసివ్వండి. లాయరు పట్టించుకోకపోతే మార్చమని అడగండి, అడగడం తప్పు కాదు.

అసలు కాగితాలు ఎవరికీ ఇచ్చెయ్యొద్దు, జిరాక్సులివ్వండి. కోర్టులో దాఖలు చెయ్యాల్సి వస్తే రసీదు తీసుకోండి.

కట్టిన ప్రతి రూపాయికీ నోటు వెనక చెల్లు రాయించండి. ఒప్పుకోకపోతే చేతికివ్వకండి, బ్యాంకులోంచో ఫోన్‌పేలోంచో పంపండి.

లోక్ అదాలత్‌లో రాజీ మంచిదే, కోర్టు ఫీజు కట్టినవాళ్లకి అది కూడా తిరిగొస్తుంది. కానీ అక్కడిచ్చే అవార్డు, అంటే రాజీ తీర్పు, మీద అప్పీలు లేదు. చదివించుకుని, వాయిదాల్లో ఎంత కట్టగలరో ఇంట్లో లెక్క చూసుకుని, అప్పుడు సంతకం పెట్టండి.

చెక్కు బౌన్సు నోటీసైతే వేరే సంగతి. అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే క్రిమినల్ కేసే వెయ్యొచ్చు. ఆ కాగితం వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఫోనులో ఈకోర్ట్స్ యాప్ పెట్టించుకోండి. కేసు నంబరు కొడితే వాయిదా ఎప్పుడో కనిపిస్తుంది. మీకు రాకపోతే పదో తరగతి చదివే పిల్లకి నేర్పండి.

తలుపుకి అంటించినా చింపొద్దు. ఫొటో తీసి, కాగితం జాగ్రత్తగా ఊడదీసి పట్టుకు రండి.

మళ్లీ చెబుతున్నాను, సమన్లు తీసుకోండి. ఆయన లేడని వెనక్కి పంపొద్దు.

బోటెక్కే ముందు ఒక్క గంట కూర్చుని ఎవరికెంత బాకీ ఉందో, ఏ నోటు మీద ఎవరి సంతకముందో, ఏ తేదీ వేసుందో ఇంట్లో వాళ్లకి చెప్పి, రాసిపెట్టి వెళ్లండి.