పర్షియన్ తివాచీ కొనే ముందు వెనుకవైపు చూడండి

ఇరాన్‌లో చేతితో ముడులు వేసి నేసిన తివాచీ అని ఎవరైనా చూపినప్పుడు, పైనున్న పూలతీగలకు ముచ్చటపడే ముందు ఒక మూలను మడిచి వెనుకవైపు పరిశీలించడం మంచిది. అసలైన దానిలో ముందున్న నమూనా వెనుక కూడా, ఒక్కొక్క ముడిగా, కాస్త ఎగుడుదిగుడుగా, స్పష్టంగా కనిపిస్తుంది. అంచున వేలాడే కుచ్చులు పడుగు దారాల కొనలే కాబట్టి, అవి విడిగా కుట్టినట్లు ఉంటే అనుమానించాలి (పాతవాటికి మరమ్మతులో కుట్టడమూ ఉంది లెండి). ఒకే రంగు మధ్యలో చారలుగా మారితే దాన్ని లోపమని తోసిపుచ్చకండి. వేర్వేరు విడతలలో రంగు వేసిన ఉన్ని వల్ల వచ్చే ఈ తేడాను అబ్రాష్ అంటారు. పట్టు కాదు కదా అని ఉన్నిని చిన్నచూపు చూడనక్కరలేదు: లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న, 1539-40 నాటి అర్దబీల్ తివాచీకి పడుగు పట్టుదారమే అయినా ముడులన్నీ ఉన్నివే.